ఒకే ఇల్లు, రెండు తేదీలు: కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌కు మారిన ఓ కుటుంబం స్టేట్ ట్యాక్స్ కేసు

నేను డాలస్ ప్రాంతంలో ఎన్‌రోల్డ్ ఏజెంట్‌గా, అంటే పన్ను శాఖ ముందు క్లయింట్ల తరఫున మాట్లాడే లైసెన్సు ఉన్న నిపుణుడిగా, ట్యాక్స్ పని చేస్తాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగానికి పైగా వేరే రాష్ట్రాల నుంచి ఇక్కడికి మారిన తెలుగు కుటుంబాలే. వాళ్లందరూ మొదట అనే మాట ఒకటే: "టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కదండీ, వచ్చేశాం కాబట్టి ఇక గొడవ లేదు." ఇక్కడ ఆదాయం మీద స్టేట్ ట్యాక్స్ లేదన్న మాట నిజమే. కానీ వదిలి వచ్చిన రాష్ట్రం మనల్ని ఏ రోజున వదిలిందన్నది వేరే ప్రశ్న. ఈ కేసులో ఆ ప్రశ్నకు క్లయింట్ ఒక జవాబు చెప్పుకున్నారు, కాలిఫోర్నియా ఇంకోటి చెప్పింది, నేను మూడోది చెప్పాను. నా జవాబు కూడా పూర్తిగా సరికాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలను మార్చి, లెక్క సులువుగా అర్థమయ్యేలా గుండ్రం చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఇద్దరిదీ హెచ్‌1బి, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నారు. పదేళ్లుగా బే ఏరియాలో ఉన్నారు, ఫ్రీమాంట్‌లో అద్దె ఇల్లు, బడికి వెళ్లే పిల్లలిద్దరు. 2022 ఫిబ్రవరిలో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు. భర్తకు తన కంపెనీలోనే టెక్సాస్ ఆఫీసుకు బదిలీ దొరికింది. మార్చి 1న ఆయన సామాను సర్దుకుని వచ్చేశారు. పిల్లల చదువు మధ్యలో ఆపడం ఇష్టంలేక ఆవిడ, పిల్లలు అక్కడే ఉండిపోయారు. జూన్‌లో బడి ముగిశాక, 30వ తేదీన వచ్చారు. ఆవిడ ఉద్యోగం కాలిఫోర్నియా కంపెనీలోనే. జూలై 1 నుంచి ఫ్రిస్కో ఇంటి నుంచి పనిచేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

మన కుటుంబాల్లో ఇది చాలా మామూలు. మగమనిషి ముందు వచ్చి ఇల్లు చూసుకోవడం, పిల్లల బడి అయ్యాక మిగతావాళ్లు రావడం. ఈ కేసు మొత్తం ఆ నాలుగు నెలల్లోనే ఉంది.

ఆ ఏడాది ఆదాయం ఇలా ఉంది. ఆయన జీతం నెలకు 15,000 డాలర్లు. మార్చి 15న 30,000 బోనస్ వచ్చింది, అది 2021లో చేసిన పనికి. 2020 ఆగస్టు 15న కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంలో భాగంగా ఇస్తామన్న కంపెనీ షేర్లు, నాలుగేళ్లలో విడతలుగా చేతికొస్తాయి. ఇస్తామన్న రోజును గ్రాంట్ అని, చేతికొచ్చిన రోజును వెస్టింగ్ అని అంటారు. 2022లో ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల 15వ తేదీల్లో ఒక్కో విడత 24,000 చొప్పున వెస్ట్ అయింది. ఆవిడ జీతం నెలకు 12,000. ఇవి కాక ఏప్రిల్‌లో, ఫ్రిస్కో ఇంటి ఖర్చుల కోసం, పాత షేర్లు కొన్ని అమ్మితే 40,000 లాభం వచ్చింది. అన్నీ కలిపి 4,90,000.

వాళ్లు సొంతంగా వేసిన రిటర్న్

2022 రిటర్న్ ఆయనే సాఫ్ట్‌వేర్‌లో వేసుకున్నారు. ఏడాది మధ్యలో కాలిఫోర్నియా వదిలినవాళ్లు వేయాల్సిన 540ఎన్‌ఆర్ ఫారమే వేశారు, అక్కడ తప్పు లేదు. తనకు మార్చి 1, ఆవిడకు జూలై 1 అని తేదీలు పెట్టారు. ఆ తేదీల ముందు వచ్చిన డబ్బు కాలిఫోర్నియాది, తర్వాత వచ్చినది కాదు అని గీత గీశారు. అలా ఆయనవి రెండు నెలల జీతం, ఫిబ్రవరి ఆర్‌ఎస్‌యూ కలిపి 54,000. ఆవిడవి ఆరు నెలల జీతం 72,000. మొత్తం 1,26,000 మీద పన్ను కట్టి, జీతంలోంచి ముందే పట్టుకున్న పన్నులో (విత్‌హోల్డింగ్) మిగతాది వెనక్కి అడిగారు. దాదాపు 14,000 డాలర్ల రీఫండ్ వచ్చింది కూడా.

ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 కాగితాలు మాత్రం ఇంకో కథ చెబుతున్నాయి. ఆయన డబ్ల్యూ-2లో బాక్స్ 16, అంటే రాష్ట్రానికి చెందిన జీతం చూపే గడిలో, కాలిఫోర్నియా కింద 1,40,000 ఉంది. ఆవిడ దాంట్లో 1,08,000. "మేం వచ్చేశాక కూడా కాలిఫోర్నియా ఏంటండీ? పేరోల్ వాళ్లు పొరపాటు చేశారనుకుని నేనే దిద్దాను," అన్నారాయన తర్వాత నాతో. ఇందులో ఒక డబ్ల్యూ-2 నిజంగానే పొరపాటు. రెండోది కాదు. ఆయన రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

నా దగ్గరకు వచ్చేసరికి

కాలిఫోర్నియా పన్ను వసూలు చేసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డ్ ముందు వివరాలు అడుగుతూ ఉత్తరం రాసింది. దానికి ఆయన "మేం టెక్సాస్‌కు మారాం" అని రెండు వాక్యాల జవాబు పంపారు. ఆ తర్వాత వచ్చింది ప్రపోజ్డ్ అసెస్‌మెంట్ నోటీసు, అంటే అదనంగా ఇంత పన్ను వేయబోతున్నామని చెప్పే నోటీసు. అందులో భర్తను కూడా జూన్ 30 వరకు కాలిఫోర్నియా రెసిడెంట్‌గానే లెక్కగట్టారు. భార్యాపిల్లలు అక్కడే ఉన్నారు, అద్దె ఇల్లు కొనసాగింది, కాబట్టి ఆయన వెళ్లడం తాత్కాలికమే అన్నది వాళ్ల వాదన. ఆ లెక్కన ఆయన ఆరు నెలల జీతం, బోనస్, మొదటి రెండు ఆర్‌ఎస్‌యూలు పూర్తిగా, మిగతా రెండింటిలో కాలిఫోర్నియా వాటా, షేర్ల లాభం మొత్తం, ఆవిడ డబ్ల్యూ-2లో ఉన్న 1,08,000 అన్నీ కలిపి 3,51,000 తేల్చారు. అదనపు పన్ను 17,500. దాని మీద 20 శాతం పెనాల్టీ, వడ్డీ.

ఈ నోటీసు మీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది. దాన్నే ప్రొటెస్ట్ అంటారు. గడువు దాటితే బోర్డు లెక్కే ఖాయమవుతుంది. నా దగ్గరకు వచ్చేసరికి మిగిలింది 19 రోజులు.

మొదటి నిర్ణయం: ఏది ఒప్పుకోవాలి

నేను ముందుగా చూసేది పోరాడాల్సింది ఏమిటని కాదు, ఒప్పుకోవాల్సింది ఏమిటని. ఓడిపోయే వాదనను గెలిచే వాదన పక్కన నిలబెడితే రెండూ పడిపోతాయి.

బోనస్ సంగతి తేలిక. డబ్బు టెక్సాస్‌లో ఉండగా చేతికొచ్చినా, పని చేసింది 2021లో, కాలిఫోర్నియాలో. జీతం ఎక్కడ పని చేస్తే అక్కడి ఆదాయం. రాష్ట్రం మారినంత మాత్రాన పాత పని మారదు. మొత్తం 30,000 కాలిఫోర్నియాదే.

ఆర్‌ఎస్‌యూల్లో పొరపాటు పడేవాళ్లే ఎక్కువ. వెస్ట్ అయిన రోజున ఎక్కడుంటే అక్కడి పన్ను అనుకుంటారు. కాలిఫోర్నియా చూసేది గ్రాంట్ తేదీ నుంచి వెస్టింగ్ తేదీ వరకు జరిగిన పని దినాల్లో తమ రాష్ట్రంలో ఎన్ని అని. మే విడతను తీసుకోండి. 2020 ఆగస్టు 15 నుంచి 2022 మే 15 వరకు 21 నెలలు. అందులో ఆయన కాలిఫోర్నియాలో పనిచేసింది పద్దెనిమిదిన్నర. అంటే 88 శాతం. ఆగస్టు విడతకు వచ్చేసరికి 24 నెలల్లో పద్దెనిమిదిన్నర, 77 శాతం. నవంబరుకు 68.5 శాతం. అసలు లెక్క పని దినాలతో చేయాలి, చేశాం కూడా. ఇక్కడ నెలలతో చెబుతున్నది అర్థం కావడానికి. మూడు విడతలు కలిపితే కాలిఫోర్నియా వాటా 56,000. ఆయన కంపెనీ పేరోల్ సరిగ్గా ఇదే చేసింది. రెండు నెలల జీతం 30,000, ఫిబ్రవరి విడత 24,000, బోనస్ 30,000, ఈ 56,000 కలిపితే బాక్స్ 16లో కనిపించిన 1,40,000. పేరోల్ పొరపాటు అనుకుని ఆయన దిద్దింది సరైన అంకెనే.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "అంటే ఈ విడతలు అయిపోయేదాకా కాలిఫోర్నియా మమ్మల్ని వదలదా?" అవును. శాతం తగ్గుతూ వస్తుంది గానీ, పాత గ్రాంట్‌లో చివరి షేరు వచ్చేదాకా ఆ తోక ఉంటుంది.

కాబట్టి బోనస్, ఆర్‌ఎస్‌యూల మొత్తం 86,000 మీద పన్ను, దాదాపు 6,700 డాలర్లు, ప్రొటెస్ట్ రాయకముందే కట్టించాను. వివాదం తేలడానికి నెలలు పడుతుంది. ఒప్పుకున్న సొమ్ము మీద అన్నాళ్లూ వడ్డీ పెరగనివ్వడంలో అర్థం లేదు. పైగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని వచ్చినవాళ్ల మిగతా మాటలను అవతలివాళ్లు శ్రద్ధగా వింటారన్నది నా అనుభవం.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఏడాదిలో కొంతకాలమే అక్కడున్న పార్ట్-ఇయర్ వాళ్లకు కాలిఫోర్నియా పన్ను రేటును మొత్తం ఆదాయం మీద కడుతుంది. 4,90,000 మొత్తం అక్కడే సంపాదించినట్టు ముందు పన్ను లెక్కేసి, దాని సగటు రేటు తీసి, ఆ రేటును కాలిఫోర్నియా వాటాకు వర్తింపజేస్తుంది. వీళ్లకు అది దాదాపు 8 శాతం. టెక్సాస్‌లో వచ్చిన డబ్బు మీద పన్ను వేయరు, కానీ మిగతా డబ్బు మీద రేటును అది పైకి నెడుతుంది. కాలిఫోర్నియా ఆదాయం 1,26,000 మాత్రమే కదా, చిన్న మెట్టులో పడతాం అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

రెండో నిర్ణయం: ఆయన తేదీ

పోరాడాల్సింది మార్చి 1 తేదీ గురించి. జూన్ 30 దాకా ఆయన కాలిఫోర్నియా రెసిడెంటే అని బోర్డు అనడం అన్యాయమేమీ కాదు. కాగితాలు చూడకుండా కుటుంబాన్ని మాత్రమే చూస్తే నాకూ అలాగే అనిపించేది. 2003లో తీర్పు వచ్చిన బ్రాగ్ అప్పీలు నుంచి ఇలాంటి వాటికి ఒక అంశాల పట్టిక వాడుతున్నారు: ఇల్లు ఎక్కడ, భార్యాపిల్లలు ఎక్కడ, బ్యాంకు, డాక్టరు, డ్రైవింగ్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, ఓటు ఎక్కడ అని. అందులో భార్యాపిల్లలు మాకు ఎదురు. ఓటు అసలు వర్తించదు. హెచ్‌1బి వాళ్లకు ఓటే లేదు.

అప్పుడు తోచింది హెచ్‌1బి కాగితాల సంగతి. 2015లో వచ్చిన సిమియో తీర్పు తర్వాత, పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే కంపెనీ ముందే అమెండ్‌మెంట్, అంటే హెచ్‌1బి దరఖాస్తుకు సవరణ, వేయాలి. దానితోపాటు లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో కొత్త చిరునామా, ఎప్పటి నుంచి అన్న తేదీ ఉంటాయి. కంపెనీ సంతకం పెట్టి ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చిన కాగితం అది. పన్ను గొడవ మొదలవడానికి రెండేళ్ల ముందే, పన్ను కోసం కాకుండా, తయారైనది. దానికన్నా నమ్మదగిన సాక్ష్యం ఏముంటుంది? ఆయన దాంట్లో టెక్సాస్ ఆఫీసు, శాశ్వత బదిలీ, మార్చి 1 అని స్పష్టంగా ఉంది.

దానికి మిగతావి తోడు చేశాం. ఇంటి క్లోజింగ్ పత్రాలు, ఆ ఇల్లే తమ ప్రధాన నివాసమని కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఇచ్చిన హోమ్‌స్టెడ్ దరఖాస్తు, మార్చి చివర్లో తీసుకున్న టెక్సాస్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, ఫ్రిస్కో బడిలో పిల్లలకు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టిన అడ్మిషన్, ఫ్రీమాంట్ ఇంటి యజమానికి జూన్ ఆఖరుకు ఖాళీ చేస్తామని మార్చిలోనే పంపిన ఈమెయిల్. చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి గానీ, కుటుంబం అక్కడ ఉన్నది బడి కోసమే, తిరిగి వెళ్లడానికి కాదు అని చెప్పేవి అవే.

ఆవిడ విషయంలోనూ అదే కాగితం ఆదుకుంది. ఆవిడ కంపెనీ పేరోల్ చిరునామా మార్చింది అక్టోబరులో. అందుకే బాక్స్ 16లో తొమ్మిది నెలల జీతం పడింది. దిద్దిన డబ్ల్యూ-2సి ఇమ్మని అడిగితే, పాత ఏడాది పుస్తకాలు మూసేశామన్నారు. కానీ అదే కంపెనీ ఇమిగ్రేషన్ విభాగం జూన్‌లోనే ఫ్రిస్కో ఇంటి చిరునామాతో అమెండ్‌మెంట్ వేసింది, జూలై 1 నుంచి అని. కంపెనీలో ఒక గదికి తెలిసింది, ఇంకో గదికి తెలియలేదు. నాన్‌రెసిడెంట్ ఉద్యోగి ఎక్కడ కూర్చుని పనిచేస్తే అక్కడి ఆదాయమన్నదే కాలిఫోర్నియా నియమం, కంపెనీ ఎక్కడిదన్నది చూడదు. న్యూయార్క్ అయితే ఇంత తేలిక కాదు. అక్కడి కంపెనీకి పనిచేస్తూ సొంత వీలు కోసం వేరే రాష్ట్రంలో కూర్చుంటే, ఆ జీతం న్యూయార్క్‌దే అంటారు. ఆ రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు ఈ కేసు చూసి ధైర్యపడకూడదు.

దాచుకున్న తొమ్మిది రోజులు

బోర్డు అడిగిన వాటిలో మార్చి నుంచి జూన్ వరకు ప్రయాణాల వివరాలు ఉన్నాయి. "వీకెండ్లకు వెళ్లేవాణ్ని, పని మాత్రం ఇక్కడే చేసేవాణ్ని," అన్నారాయన. విమాన టికెట్లు తీసుకురమ్మన్నాను. ఆదివారం రాత్రి తిరిగి రావాల్సిన మనిషి కొన్నిసార్లు మంగళవారం పొద్దున వచ్చాడు. ఆ సోమవారాలు సెలవు పెట్టలేదు. ఫ్రీమాంట్ ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మొత్తం తొమ్మిది పని దినాలు, జీతంలో 6,200 డాలర్లు.

ఆయనకు అబద్ధం చెప్పాలని లేదు. పిల్లల దగ్గర ఇంకో రోజు ఉండటాన్ని పనిచేసిన రోజుగా ఆయన అనుకోనే లేదు. అయినా అది కాలిఫోర్నియాలో చేసిన పనే. ఆ తొమ్మిది రోజులను మేమే లెక్కలో చూపించాం. చూపించకపోతే, ఆ టికెట్లు వాళ్లే చూసిన రోజున మార్చి 1 తేదీ కూడా పోయేది.

ఫలించనిది: నేను చూడని సగం

ప్రొటెస్ట్ గడువులోపే పంపాను. భర్త మార్చి 1, భార్య జూలై 1. ఆర్‌ఎస్‌యూలు, బోనస్ ఒప్పుకున్నాం. తొమ్మిది రోజులు కలిపాం. మార్చి తర్వాత ఆయన టెక్సాస్‌లో చేసిన పనికి జీతం, ఏప్రిల్ షేర్ల లాభం కాలిఫోర్నియాకు సంబంధం లేనివి అన్నాం. షేర్ల లాభం అమ్మిన రోజున యజమాని ఏ రాష్ట్ర రెసిడెంటో అక్కడికి చెందుతుంది. అది ఆయన ఖాతా, ఆయన టెక్సాస్ మనిషి. నా లెక్క 2,18,200 దగ్గర ఆగింది.

కొన్ని నెలలకు బోర్డు అధికారి నుంచి జవాబు వచ్చింది. తేదీలు రెండూ ఒప్పుకున్నారు. ఆవిడ డబ్ల్యూ-2 సంగతీ ఒప్పుకున్నారు. అందులోనే ఇంకో పేరా ఉంది: భర్త డొమిసైల్, అంటే శాశ్వత నివాసం, మార్చి నుంచి టెక్సాస్ అని మీరే నిరూపించారు, టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, కాబట్టి ఆయన సంపాదనలో సగం భార్యది, భార్య జూన్ 30 వరకు కాలిఫోర్నియా రెసిడెంట్, రెసిడెంట్‌కు ఎక్కడి ఆదాయమైనా పన్ను ఉంటుంది, ఆ సగం ఎక్కడ?

ఆ పేరా రెండోసారి చదివేసరికే నా తప్పు అర్థమైంది. కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు తొమ్మిది: అరిజోనా, కాలిఫోర్నియా, ఐడహో, లూసియానా, నెవాడా, న్యూ మెక్సికో, టెక్సాస్, వాషింగ్టన్, విస్కాన్సిన్. వీటిలో పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా అది ఇద్దరిదీ చెరిసగం. సంపాదించిన మనిషి డొమిసైల్ ఏ రాష్ట్రమో ఆ చట్టం చూడాలి. ఇదంతా నేను చదువుకున్నదే. కానీ నా క్లయింట్లు ఎక్కువగా న్యూజెర్సీ నుంచో ఇల్లినాయ్ నుంచో వస్తారు. అక్కడ ఆ చట్టం లేదు, భర్త జీతం భర్తదే. భార్య వెనక ఉండిపోయినా ఆయన టెక్సాస్ జీతంలో సగం అక్కడి పన్నుకు వస్తుందేమో అని వెతికే అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆ అలవాటుతోనే ఈ కేసునూ చూశాను.

సగం లెక్క ఇలా తేలింది. మార్చి నుంచి జూన్ వరకు జీతం 60,000లో తొమ్మిది రోజుల 6,200 తీసేస్తే 53,800. దాంట్లో సగం 26,900. మే ఆర్‌ఎస్‌యూలో టెక్సాస్ వాటా 2,800లో సగం 1,400. షేర్ల లాభంలో సగం 20,000. మొత్తం 48,300 ఆవిడ పేరు మీద కాలిఫోర్నియాకు వస్తుంది.

అదే రోజు ఫోన్ చేసి చెప్పాను. తప్పు నాదని, ముందే చూడాల్సిందని, ఇకపై ఈ కేసు పనికి ఫీజు తీసుకోనని. ఆయన కన్నా ఆవిడ ఎక్కువ బాధపడ్డారు. "ఆయన జీతం నా చేతికి రానేలేదు కదండీ. నేనక్కడ పిల్లల్ని పెట్టుకుని ఒక్కదాన్నే నెట్టుకొచ్చాను. ఇప్పుడు దానికి పన్ను కూడా నా పేరు మీదేనా?" దానికి నా దగ్గర జవాబు లేదు. చట్టం చూసేది డబ్బు ఎవరి ఖాతాలో పడిందని కాదు, ఎవరి సొత్తు అని. ఆ మాట చెప్పాను గానీ, అది ఆవిడ అడిగినదానికి సమాధానం కాదని నాకూ తెలుసు.

వదిలేసిన దారులు

ఆ తర్వాత రెండు వారాలు వేరే దారులు వెతికాం.

ఆయన అన్నారు: "మా డొమిసైల్ టెక్సాస్ అని ఎందుకనాలి? మాది ఆంధ్రా. వీసా మీద ఉన్నాం. సొంతూరు అక్కడే, అమ్మానాన్నలు అక్కడే. ఇండియాలో ఈ సగం చట్టం లేదు కదా." వినడానికి బలంగా ఉంది, నేనూ ఒక రాత్రి దాని మీద కూర్చున్నాను. డొమిసైల్ అంటే ఎటు పోయినా చివరకు తిరిగి చేరాలనుకునే చోటు. పదేళ్లు ఇక్కడ ఉండి, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టి, ఇల్లు కొని, దాన్ని ప్రధాన నివాసమని కౌంటీకి సంతకం పెట్టి ఇచ్చిన మనిషి మనసులో ఆ చోటు ఏది? సూటిగా అడిగాను: "రిటైరయ్యాక వెనక్కి వెళ్తారా?" కాసేపు ఆలోచించి, లేదండీ, పిల్లలు ఇక్కడే ఉంటారు కదా అన్నారు. సొంతూరు మీద ప్రేమ వేరు, చట్టం అడిగే డొమిసైల్ వేరు. నిజం కానిది రాసి సంతకం పెట్టలేను. ఆ దారి మూసేశాం.

విడిగా ఉంటున్న దంపతుల సంపాదన ఎవరిది వారిదే అనే నియమం కాలిఫోర్నియాలో ఉంది. అది కాపురం తెగిపోయినవాళ్లకు. వీళ్లు రెండు వారాలకోసారి విమానమెక్కి కలుసుకున్నవాళ్లు. ఆవిడకు, ఆయనకు వేర్వేరు రిటర్న్‌లు వేయడం కూడా చూశాం. ఫెడరల్ రిటర్న్ ఇద్దరూ కలిపి (జాయింట్‌గా) వేసినప్పుడు కాలిఫోర్నియాలో విడిగా వేయడానికి ఇలాంటివాళ్లకు ఉన్న మినహాయింపు, ఒకరు ఏడాదంతా నాన్‌రెసిడెంట్‌గా ఉండి అక్కడి ఆదాయం లేనప్పుడు. ఈయన రెండు నెలలు అక్కడ రెసిడెంట్. పైగా విడిగా వేసినా ఆ సగం ఆవిడదే.

ఇంకోటి ఆయన స్నేహితుడెవరో చెప్పారట. దంపతులు ముందుగా రాసుకుంటే ఎవరి సంపాదన వారిదని ఒప్పందం చేసుకోవచ్చు, అది నిజమే. "2022 జనవరి తేదీ వేసి ఇప్పుడు రాసుకుంటే?" అని అడిగారు. అది మోసమని, ఆ మాట మళ్లీ వస్తే ఈ కేసు నేను చూడనని చెప్పాను. ఆయన వెంటనే క్షమించమన్నారు. భయంలో ఉన్నవాళ్లకు ఇలాంటి సలహాలిచ్చేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు.

తేలింది

ఆ సగాన్ని ఒప్పుకుంటూ, మిగతా లెక్కంతా ఒక పట్టికలో పెట్టి రెండో ఉత్తరం రాశాను. ఒక్కో ఆదాయానికి ఒక్కో వరుస: ఎవరు సంపాదించారు, ఏ తేదీన, ఎక్కడ పనిచేసి, ఆ రోజున ఆయన రెసిడెన్సీ ఏమిటి, ఆవిడది ఏమిటి, కాలిఫోర్నియా వాటా ఎంత, దానికి ఆధారం ఏ కాగితం. మొదటి ఉత్తరంలో నేను వాదన రాశాను, పట్టిక పెట్టలేదు. మొదటే ఇలా వేసుంటే, ఆవిడ రెసిడెన్సీ అన్న గడి నింపేటప్పుడే ఆ సగం నాకు కనిపించేది.

కాలిఫోర్నియా ఆదాయం 2,66,500 దగ్గర ఖాయమైంది. బోర్డు మొదట అన్నది 3,51,000, క్లయింట్ వేసుకున్నది 1,26,000. అదనపు పన్ను 17,500 నుంచి దాదాపు 11,000కు తగ్గింది. అందులో 6,700 అప్పటికే కట్టి ఉంది. పెనాల్టీ కొత్త అంకె మీద లెక్కేసి తగ్గించారు గానీ తీసేయలేదు. డబ్ల్యూ-2లో ఉన్న అంకెను కారణం చూపకుండా మార్చేశారు కాబట్టి దాని మీద నేను గట్టిగా వాదించలేకపోయాను. కావాలంటే ఆఫీస్ ఆఫ్ ట్యాక్స్ అప్పీల్స్‌కు వెళ్లొచ్చని చెప్పాను. వద్దన్నారు, నేనైనా వద్దనే అనేవాణ్ని.

మార్చి 1 తేదీ గెలవడం వృథా కాలేదు. ఆయన జూన్ దాకా కాలిఫోర్నియా రెసిడెంటేనని తేలి ఉంటే జీతం, షేర్ల లాభం సగం కాదు, మొత్తం పోయేవి.

ఇప్పుడు నేను అడిగేవి

ఇప్పుడు కాలిఫోర్నియా నుంచి ఎవరైనా మారే ముందు ఫోన్ చేస్తే, నా మొదటి ప్రశ్న ఎప్పుడు వస్తున్నారని కాదు, ఎవరెవరు ఎప్పుడెప్పుడు వస్తున్నారని. మధ్యలో నెలల తేడా ఉంటే, ఆ నెలల్లో షేర్లు అమ్మొద్దని చెబుతాను. వీళ్లు ఏప్రిల్‌లో అమ్మినవి జూలైలో అమ్మి ఉంటే ఒక్క దాంట్లోనే 1,600 డాలర్ల దాకా మిగిలేది. ఇంటి కోసం అప్పుడే డబ్బు కావాల్సి వచ్చింది, అది వేరే సంగతి. కానీ అడిగినవాళ్లెవరూ లేకపోవడం వల్ల తెలియక అమ్మారు.

రెండో ప్రశ్న, చేతిలో ఉన్న గ్రాంట్లన్నిటి తేదీలు. మూడోది, వెనక్కి వెళ్లే ప్రయాణాలు, ఏ రోజు ఎక్కడి నుంచి పనిచేశారన్నది ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోవడం. పేరోల్‌లో చిరునామా మార్చమని హెచ్‌ఆర్‌కు రాసిన ఈమెయిల్, హెచ్‌1బి వాళ్లైతే అమెండ్‌మెంట్ నకలు దాచుకోమంటాను. ఆ నకలు చాలామంది దగ్గర ఉండదు. లాయర్ దగ్గర ఉంటుంది, ఉద్యోగం మారాక దాన్ని తెప్పించుకోవడం కష్టం. జార్జియాకో నార్త్ కరోలినాకో వెళ్లేవాళ్లకు ఈ సగం చట్టం అడ్డురాదు, కానీ అక్కడ స్టేట్ ట్యాక్స్ ఉంది. ఆర్‌ఎస్‌యూ మీద రెండు రాష్ట్రాలూ చేయి చాపుతాయి, కొత్త రాష్ట్రంలో పాత రాష్ట్రానికి కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి. టెక్సాస్‌లో ఆదాయపు పన్నే లేదు గనుక క్రెడిట్ అన్న మాటే రాదు.

ఈ కేసు ముగిశాక ఇంకో పని మిగిలింది. 2023కు వాళ్లు కాలిఫోర్నియాలో రిటర్నే వేయలేదు. ఏడాదంతా టెక్సాస్‌లోనే ఉన్నాం కదా అనుకున్నారు. కానీ ఆ ఏడాది నాలుగు విడతల ఆర్‌ఎస్‌యూల్లో కాలిఫోర్నియా వాటా 52,000 దాకా ఉంది. దాని మీద కంపెనీ 10.23 శాతం చొప్పున పన్ను పట్టుకుంది. వాళ్లకు పడే రేటు 8 శాతానికి దగ్గర. నాన్‌రెసిడెంట్లుగా 540ఎన్‌ఆర్ వేస్తే కట్టాల్సింది ఏమీ లేదు, వెయ్యి డాలర్లకు పైగా వెనక్కి వచ్చింది. ఆ తర్వాత 2024ది కూడా వేశాం. ఆ గ్రాంట్‌లో చివరి విడత 2024 ఆగస్టు 15న వెస్ట్ అయింది. 48 నెలల్లో పద్దెనిమిదిన్నర, కాలిఫోర్నియా వాటా 38.5 శాతం.